ముందు ఎవరికి కట్టాలి

మొదటి రోజు

ఈ పుస్తకం షాహిదా డాక్టరమ్మ ఇచ్చింది. ముప్పై రోజులు రాయమంది. పిల్లతో ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్లే రాయాలట. అంటే నేనే. పేరు అప్పలనర్సమ్మ, వయసు డెబ్బై ఒకటి, చదువు అయిదో తరగతి, అదీ పరీక్షల దాకా పోలేదు. పిల్ల పేరు ముత్యాలు. మా అమ్మాయి ఇందుమతి కూతురు. ఈ నెలాఖరుకి అయిదేళ్లు నిండుతాయి. మాట రాలేదు. పిలిస్తే చూడదు. చెవులు బాగానే ఉన్నాయని మూడుసార్లు పరీక్ష చేసి చెప్పారు.

"నా రాత కోడి కెలికినట్టుంటాదమ్మా. గోడగొంతుకి సెప్తే అదే రాసుకుంటాది గదా?" అన్నాను. గోడగొంతంటే ప్రతి ఇంట్లోనూ గోడలో ఉండి మాట్లాడే యంత్రం.

డాక్టరమ్మ, పోయిన నెలలో నేను చెప్పినదాన్ని అది ఎలా రాసుకుందో చదివి వినిపించింది. నేను చెప్పిందేమో: గంట మోగితే పిల్ల దాని కిందికి పరిగెత్తి, తల పైకెత్తి, నోరు తెరుచుకుని, వాన చూసినట్టు చూసింది. అది రాసుకున్నదేమో: శిశువు గంటకు స్పందించలేదు.

"నాకు ఆ వాన కావాలి అమ్మమ్మగారూ. ఏది కనబడితే అది రాయండి. ఇది ముఖ్యమా కాదా అని చూడకండి," అంది.

ముత్యాలు వాన ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ వానే లేదు.

నెలాఖరున భద్రత ఆఫీసరు వస్తాడు. ఎర్రమెట్టలో మేమందరం ఉండేది గుహలో. గుహకి ఎక్కడ చిల్లు పడ్డా గాలిగంట మోగుతుంది. అయిదేళ్లు నిండిన ప్రతివాళ్లూ ఇరవై లెక్కపెట్టేలోగా గాలిముసుగు తొడుక్కుని మెడ వెనక కొక్కెం పెట్టుకోవాలి. ముందు నీకు, తరవాత పక్కవాళ్లకు అని వీధి వీధికీ రాసుంటుంది. అది చేతకాని పిల్లల్ని ఇక్కడ ఉంచరు. లోతుపేట హాస్టలుకి పంపిస్తారు. అక్కడ చిల్లు పడదు. బండిలో పదకొండు రోజుల దారి. ఇక్కడి పనివాళ్లు అక్కడికి మారడానికి లేదు. నెలకోసారి పిల్లని తెరమీద చూపిస్తారట.

భూమ్మీద కన్నా ఇక్కడ రోజుకి ముప్పై తొమ్మిది నిమిషాలు ఎక్కువ. అందరూ ఆ కాస్త ఎక్కువ నిద్రపోతారు. నేను ఎక్కువ దిగులుపడతాను.

మూడో రోజు

పొద్దున్న తోటకూర పెంచే పళ్లేలు కడిగాను. దీపాల మీది ఎర్రదుమ్ము తుడిచాను. అన్నం వార్చాను. వార్చినంతసేపూ ముత్యాలు పక్కనే కూర్చుంది.

నేను పుట్టినచోట గంజి వారిస్తే బుడుంగున పడిపోయేది. ఇక్కడ అన్నీ తేలికే కాబట్టి తాపీగా, పట్టుదారం దిగినట్టు దిగుతుంది. ముప్పై ఏళ్లుగా రోజూ వారుస్తున్నాను, ఒక్కరోజూ చూడలేదు. చెయ్యి కాలుతుందేమో అన్న భయమే తప్ప. ఇవాళ పిల్ల కళ్లు ఎక్కడున్నాయో అక్కడ నా కళ్లూ పెట్టాను. దారం మధ్యలో ఒకచోట సన్నబడి, మెలి తిరిగి, మళ్లీ లావెక్కుతోంది. ఆ మెలి దగ్గర దీపం వెలుగు పడి చిన్న బంగారు పురుగులా కదులుతోంది.

అన్నం ముద్దయిపోయింది. ఇందుమతి "ఏటే అమ్మా ఇది, అంబలా అన్నమా?" అంది.

అయిదో రోజు

డాక్టరమ్మ వచ్చింది. నాలుగేళ్లుగా గుండెలో పెట్టుకున్నది ఇవాళ అడిగేశాను. ఇందుమతి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు పనికి బయటికెళ్లింది. వద్దే అని తలుపుకి అడ్డం నిలబడ్డాను. వినలేదు. ఇక్కడి చందమామ బంగాళాదుంపలా ఉంటుంది, సూర్యుడికి అడ్డం వస్తే సగం కూడా మూయదు, చిటికెలో దాటిపోతుంది. అయినా గ్రహణం గ్రహణమే కదా.

"అమ్మమ్మగారూ, ఆ నెలంతా ఇక్కడ రోజూ గ్రహణమే," అంది డాక్టరమ్మ. "అప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు పద్నాలుగు మంది. పదమూడు మంది పిల్లలు గంటకొట్టినట్టు మాట్లాడుతున్నారు. పొద్దున్నే మీ వీధి సన్యాసమ్మగారి మనవడు నన్ను లెక్కలడిగాడు."

"మరి నా జాతకంలో కుజదోషం ఉందమ్మా. దానివల్లేమో. అందుకే నాకు పెళ్లి లేటయినాది."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "మీరిప్పుడు ఉన్నదెక్కడ?"

ఎక్కడేమిటి, కుజుడి మీదే. ముప్పై ఏళ్ల కిందట మెస్సులో వంటమనిషి కావాలంటే వచ్చాను. దోషం ఉందని అందరూ భయపెడితే, చివరికి వాడి నెత్తినే పొయ్యి పెట్టాను. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ వెళ్లాక, మరి కారణం ఏమిటని మళ్లీ మొదలైంది.

ఎనిమిదో రోజు

రాయడానికి సిగ్గేస్తోంది. అన్నీ రాయమంది కాబట్టి రాస్తున్నాను. పొద్దున్నుంచి ముసుగు నేర్పించాను. బెల్లం ముక్క చూపించాను. పాట కట్టాను. గోడగొంతు "ముందు నీకు, తరవాత పక్కవాళ్లకు" అని ముప్పైసార్లు అంది. ముత్యాలు ముసుగు పట్టుకుంటుంది, తిప్పి చూస్తుంది, నాకేసి చాపుతుంది. "నాక్కాదే, నీకు" అని తల మీద పెడితే తీసేస్తుంది. మళ్లీ నాకేసి చాపుతుంది. ముప్పై ఒకటోసారి ఒకటి వేశాను, వీపు మీద.

ఏడవలేదు. వీపు తడుముకుంది. తర్వాత నా అరచెయ్యి తీసుకుని, దాన్ని తిప్పి, గీతల్ని చాలాసేపు చూసింది. కొట్టిన చెయ్యే అది. అందులో ఏం చూసిందో నాకు తెలియదు. నేనూ చూశాను. పసుపు మరకలు, పాత కాలిన మచ్చ.

ఇంకెప్పుడూ కొట్టను.

పదకొండో రోజు

నీళ్ల వరసలో సన్యాసమ్మ అంది: "మీ గుంటకి బుర్ర ఎదగనేదట గదా, నిజివేనా?"

"నీ బుర్ర ఎదిగి ఏటి ఊడిపడినాది? ముప్పై ఏళ్లయినాది, ఇంకా నా బిందె ముందు నీ బిందె పెడతావు," అన్నాను. వరసంతా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. గోడగొంతు "మీకు ఏమైనా సహాయం కావాలా" అంది. నోరు మూసుకోమన్నాను.

పన్నెండో రోజు

ఇవాళ ఒక వింత జరిగింది.

గుహ చివర ఒక పెద్ద అద్దం ఉంది. అందులోంచి బయటి నేల కనబడుతుంది. ముప్పై ఏళ్లలో నేను దాని దగ్గరికి వెళ్లలేదు. పగిలితే? ఎవరో ఒకరు పగలదని చెప్తూనే ఉంటారు. నేను వెళ్లకుండానే ఉంటాను. సాయంత్రం ముత్యాలు నా చీర కొంగు పట్టుకుని లాగింది. ఎప్పుడూ ఎవర్నీ లాగని పిల్ల. ఆ సంబరంలో అద్దం దాకా వెళ్లిపోయానని చూసుకోలేదు.

ఇక్కడ పగలంతా ఆకాశం జాజు పూసిన అరుగులా ఉంటుంది. ఎప్పుడూ అదే రంగు కదా, అందులో చూసేదేముంది అనుకునేదాన్ని. పొద్దు కొండల మీదికి దిగుతోంది. దిగినకొద్దీ సూర్యుడి చుట్టూ నీలం పుట్టింది. మన పొయ్యిమంట అడుగున ఉండే నీలం. అది పెరిగి పెరిగి సగం ఆకాశం కమ్ముకుంది. సూర్యుడు తెల్లగా, చిన్నగా, ఆ నీలంలో మునిగిపోయాడు.

పగిలితే అన్న మాటే గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లు రోజూ ఇది ఇక్కడ జరుగుతూనే ఉంది, నేను వెనక వీధిలో కూర్చుని చిల్లు గురించి ఆలోచిస్తున్నాను. ముత్యాలు నుదురు అద్దానికి ఆనించి, గొంతులో సన్నగా ఒక కూత తీసింది. చీకటి పడేదాకా ఆపలేదు. నేనూ అద్దానికి నుదురు ఆనించాను. చల్లగా ఉంది.

పదహారో రోజు

గాలిగంట మోగింది. నిజం చిల్లు కాదు, వారం వారం పెట్టే అలవాటు గంట. నేను దోసెల పిండి దగ్గరున్నాను. పిండి పులవడానికి పెట్టిన కుండ బల్ల కింద ఉంది. ముత్యాలు తన ముసుగు తెచ్చి కుండకి తొడిగింది. కొక్కెం పెట్టింది. కొక్కెం పెట్టడం దానికి వచ్చని అప్పుడే చూశాను! కుండ పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. పిండి లోపల బుడుక్కుమంది. అప్పుడు లేచి, కుండకి వీపు చూపించి, తల వంచుకుని నిలబడింది.

నా మీద అలిగిందనుకున్నాను. "కుండకేటే ముసుగు, పిండికి ఊపిరాడదనా?" అని తిట్టి ముసుగు తీసేసి కడిగాను. కదల్లేదు. తల వంచుకుని అలాగే నిలబడింది, చాలాసేపు.

గంట మోగకపోయినా నిన్న చీపురుకీ ఇలాగే చేసింది. మొన్న రుబ్బురోలుకి. బుర్ర ఎదగలేదన్న సన్యాసమ్మ మాటే నిజమేమోనని నాకూ అనిపించింది. అది ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

ఇరవయ్యో రోజు

డాక్టరమ్మా, ఇది మీరు జాగ్రత్తగా చదవండి.

ఇందుమతి పని బయట కరెంటిచ్చే ఎండపలకల మీది దుమ్ము తుడవడం. బయటి పనికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. దాని జోడీ సింహాద్రి, యాభై దాటినవాడు, వాగుడుకాయ. రోజూ పొద్దున్న గుహ తలుపు దగ్గరికి వెళ్లి వాళ్లకి టిఫిన్ డబ్బాలిస్తాను. ముత్యాలు నాతో వస్తుంది. రెండేళ్లుగా వస్తోంది. నేనేమో సింహాద్రితో కబుర్లలో పడతాను. పిల్ల గోడవార కూర్చుంటుంది.

ఇవాళ నాకు గొంతు బొంగురు పోయి మాట్లాడలేదు. అందుకని చూశాను.

బయటి తొడుగులకి కొక్కెం వీపు మీద ఉంటుంది. ఎవరి చెయ్యి వాళ్లకి అందదు. సింహాద్రి ముందు ఇందుమతికి తొడిగి కొక్కెం పెట్టాడు. వీపు మీద అరచెయ్యి ఆనించాడు. అది ఊపిరి తీసుకుని "అందింది" అంది. గాలి అందింది అని. ఆ మాట వినబడ్డాకే వాడు వెనక్కి తిరిగి, తల వంచి నిలబడ్డాడు. ఇందుమతి వాడికి పెట్టింది. వాడూ "అందింది" అన్నాడు.

నా చేతిలో డబ్బా జారిపోయింది.

"ఏటి పెద్దమ్మా, దెయ్యాన్ని సూసినట్టు అలగ నిలబడిపోనావు?" అన్నాడు సింహాద్రి.

బొంగురు గొంతుతోనే అడిగాను: "ముందు నువ్వు కట్టుకోవేటి?"

"బాగుంది! నా వీపుకి నా సెయ్యి అందుతాదేటి? బయట పనికి తొలిపాఠం అదే. ముందు ఎదుటోడికి కట్టు. ఆడు అందింది అన్నాకే ఆడికి నీ వీపియ్యి."

ముత్యాలు గోడవార కూర్చుని వీపులకేసి చూస్తోంది.

కుండ, చీపురు, రుబ్బురోలు. తల వంచుకుని నిలబడ్డ పిల్ల. అలక కాదు. దాని వంతు కోసం నిలబడింది. దానికి కట్టేవాళ్లు లేక అలా నిలబడింది.

ఇరవై ఒకటో రోజు

పొద్దున్న పిల్ల ముందు కూర్చుని నా ముసుగూ దాని ముసుగూ మధ్యలో పెట్టాను. గోడగొంతుని గంట కొట్టమన్నాను. ముత్యాలు నా ముసుగు తీసుకుంది. చిన్న వేళ్లతో నా జుట్టు పక్కకి తోసి తొడిగింది. మెడ వెనక టక్కుమని కొక్కెం పడింది. వీపు మీద అరచెయ్యి. పావురంపిల్లంత బరువు. వేచి ఉంది.

"అందింది," అన్నాను.

వెంటనే తిరిగి తల వంచింది. దాని మెడ వెనక చిన్న సుడి ఉంది. నాలుగేళ్లు తలంటాను, ఇప్పుడు చూశాను. ముసుగు తొడిగి కొక్కెం పెట్టి వీపు మీద చెయ్యి ఆనించాను. అది అందింది అనలేదు. అనదు. కానీ వీపు ఉబ్బింది, తగ్గింది, ఉబ్బింది.

పన్నెండుసార్లు చేశాం. పన్నెండుసార్లూ ముందు నాకే కట్టింది. దాని ముసుగొక్కటే ఇచ్చి నేను గదిలోంచి బయటికెళితే, పట్టుకుని తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఎవరూ రాకపోతే తను మాత్రం తొడుక్కోదు. ఒంటరిగా ఉండటం అనేది ఒకటుందని ఆ పిల్లకి తెలియదు.

ఇరవై నాలుగో రోజు

డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. జబ్బు అనకూడదంది. పేరు పొడుగ్గా ఉంది, నాకు రాయడం రాలేదు. బుర్ర ఎదుగుదల వేరే దారిన నడుస్తోందట. మాట వస్తుందో రాదో చెప్పలేమట. వస్తే కొద్దిగా రావొచ్చు. బడిలో తోటివాళ్లతో సమానంగా నడవదు. పెద్దయ్యాక కూడా ఒకరు తోడుండాలి. తగ్గేది కాదు.

ఇందుమతి ఒక్కటే అడిగింది: "దానికి నొప్పేమైనా ఉంటుందా డాక్టర్‌గారూ?"

"లేదమ్మా."

"సరే," అని లేచి పనికెళ్లింది. సాయంత్రం వచ్చి పిల్లని ఒళ్లో వేసుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుంది. నేను మాట్లాడించలేదు. మంచుగనిలో ఉన్న అల్లుడికి కబురు తనే చెప్పింది. అతను తెరకి దగ్గరగా జరిగాడు. తర్వాత "దాన్ని చూపించు" అన్నాడు.

నేనెందుకో అనుకున్నంత కూలిపోలేదు. దిగులు ఉంది, నాకెప్పుడూ ఉంటుంది. దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. దానికి పేరు నాకు తెలియదు.

ఇరవై ఏడో రోజు

పరీక్ష అయింది. తప్పింది.

భద్రత ఆఫీసరు పేరు జగ్గారావు. మర్యాదస్తుడే. గది మధ్యలో ముత్యాలు, దాని ముందు ముసుగు. ఆయన కుర్చీలో, డాక్టరమ్మ మూల. మేం గది గోడకున్న అద్దం వెనక. గంట మోగింది. ముత్యాలు ఒక్క క్షణం తల పైకెత్తి విన్నది. తర్వాత ముసుగు తీసుకుని సరాసరి జగ్గారావుగారి దగ్గరికెళ్లి ఆయన తలకి తొడిగింది. పిల్లల ముసుగు, ముక్కు దాకే దిగింది. కొక్కెం అందలేదు. అయినా పట్టి ఉంచి, రెండో చెయ్యి ఆయన వీపు మీద ఆనించి ఎదురుచూసింది.

అద్దాన్ని వెనక నుంచి గుద్దుతూ అరిచాను, "అందింది అనండి బావూ! ఒక్క మాట!" వినబడదు.

ఇరవై దాటింది. ముప్పై దాటింది. అది చెయ్యి తీయలేదు.

బయటికొచ్చి ఆయన ముక్కు తుడుచుకున్నాడు. కోపం లేదు. "అమ్మా, రేపు నిజంగా చిల్లు పడితే ఈ పాప తన ముసుగు ఎవరికో ఇచ్చేసి తను పోతుంది. అది నేను చూడలేను. అందుకే లోతుపేట," అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు అన్నం దిగలేదు.

ఇరవై ఎనిమిదో రోజు

డాక్టరమ్మ ఈ పుస్తకం పట్టుకుని జగ్గారావుగారి ఆఫీసుకి వెళ్లింది. నన్నూ రమ్మంది. నా కోడి కెలుకుడంతా ఆయనకి గట్టిగా చదివి వినిపించింది, పిండికుండతో సహా. నేను సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మొదట గడియారం చూశాడు. ఇరవయ్యో రోజు దగ్గరికొచ్చాక చూడటం మానేశాడు.

"బయటి పనివాళ్లకి జోడీ చీటీ ఇస్తారుగా," అంది డాక్టరమ్మ. "ఒంటరిగా కాదు, ఇద్దర్నీ కలిపి ఒకటిగా పరీక్షిస్తారు. ఈ పాపకీ అదే ఇవ్వండి."

"అది పెద్దవాళ్లదండీ."

"పెద్దవాళ్లదే అని ఎక్కడ రాసుంది?"

ఆయన గోడగొంతుని అడిగాడు. అది కాసేపు వెతికి, వయసు గురించి ఏమీ రాసి లేదంది. ముప్పై ఏళ్లలో అది నాకు మేలు చేసిన మాట అదొక్కటే.

జగ్గారావుగారు కాగితం ముందుకి లాక్కున్నాడు. "పగలు పదిగంటలు పాప ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గిరే బావూ."

"అయితే జోడీ మీరే. ఎల్లుండి పరీక్ష మీకు. ఇరవై లోగా ఇద్దరికీ కొక్కెం పడితే పాప ఇక్కడే ఉంటుంది."

నాకు! అరవై అయిదు దాటిన ముసలాళ్లకి ఇంట్లోవాళ్లు కడతారని మమ్మల్ని ఆ లెక్కలోంచి తీసేశారు. ఆరేళ్లుగా పరీక్షకి నిలబడలేదు. నా చేతులు కాఫీ గ్లాసు పట్టుకుంటేనే వణుకుతాయి.

ఇరవై తొమ్మిదో రోజు

సింహాద్రి సెలవు పెట్టి నేర్పించడానికొచ్చాడు. ఇద్దరికీ కొక్కెం పడేసరికి లెక్క ముప్పై ఒకటి. ఇరవై ఏడు. ఇరవై అయిదు. ఇరవై ఎనిమిది. అన్నిసార్లూ ముత్యాలు తొమ్మిదికే నాకు కట్టేసింది. మిగతా ఆలస్యమంతా నాది. ఇన్ని రోజులు పిల్లకి చేతకాదని ఏడ్చాను. చూస్తే చేతకానిది నాకు.

"కొక్కేన్ని సూడకు పెద్దమ్మా. సూస్తే సెయ్యి వణుకుతాది. వేలితో ఎతుకు, జడ అల్లినట్టు," అన్నాడు. ఆ మాట పనికొచ్చింది. ఇరవై రెండు. ఇరవై ఒకటి.

కూర్చున్నాక అడిగాను: "నాకు డెబ్బయ్యొకటి. నా తరవాత దీనికెవరురా?"

వాడు దోసె నములుతూ అన్నాడు: "నాకు మీ ఇందుమతి నాలుగో జోడీ. ఒకడు సచ్చిపోనాడు, ఒకడు ముసలోడైపోనాడు, ఒకత్తి పెళ్లయి ఎల్లిపోనాది. జోడీ పోతే ఇంకో జోడీ. బయట పనిలో ఎవుడూ ఒంటిగా మిగల్లేదు. నీ తరవాత వరసలో నా పేరు రాసుకో. దోసి ఇంకోటెయ్యి."

ముత్యాలు వాడి వెనక్కి వెళ్లి వీపు మీద చెయ్యి ఆనించింది. దోసె నోట్లో పెట్టుకునే "అందింది" అన్నాడు.

ముప్పయ్యో రోజు

పొద్దున్నే స్నానం చేయించి, రెండు జడలు వేశాను. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే కళ్లు నీళ్లతో నిండిపోయి దేవుడు కనబడలేదు.

అదే గది. మధ్యలో ఇద్దరం. రెండు ముసుగులు. అద్దం వెనక ఇందుమతి, సింహాద్రి. సన్యాసమ్మ కూడా వచ్చింది, ఎందుకో. జగ్గారావుగారు చేతిగడియారం తీసి పట్టుకున్నాడు.

గంట మోగింది.

ముత్యాలు తల పైకెత్తలేదు. ఈసారి గంట వైపు చూడనే లేదు. నా ముసుగు తీసుకుంది, నేను కూర్చున్నాను, జుట్టు పక్కకి తోసింది, తొడిగింది. టక్కుమంది. వీపు మీద అరచెయ్యి పడింది.

మాట అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను. రాలేదు.

డాక్టరమ్మా, ఎలా రాయాలో తెలియడం లేదు. గొంతు ఉంది, మాట తెలుసు, లోపల గట్టిగా అంటూనే ఉన్నాను, బయటికి రావడం లేదు. నాలుక రాయిలా పడి ఉంది. అద్దం వెనక ఇందుమతి నోరు కదుపుతోంది, అనమ్మా, అనమ్మా అని. అనలేను. ఇదేనా, అనుకున్నాను. అయిదేళ్లుగా ఈ పిల్ల ఉన్నచోటు ఇదేనా? అందరూ ఎదురుచూస్తూ ఉంటారు, తను లోపల ఉంటుంది.

అది తొందరపడలేదు. నా మొహంలోకి రాలేదు, కుదపలేదు, ముప్పయ్యొకటోసారి చెప్పలేదు, వీపు మీద ఒకటి వేయలేదు. చెయ్యి అలాగే ఉంచింది. నేను ఊపిరి తీసుకున్నాను. నా వీపు దాని అరచేతి కింద ఉబ్బింది. అది విన్నది. చేత్తో విన్నది.

వెనక్కి తిరిగి తల వంచింది.

నేను కొక్కేన్ని చూడలేదు. కళ్లు మూసుకున్నాను. మెడ మీది సుడి వేలికి తగిలింది, దాని కింద కొక్కెం. టక్కుమంది. వీపు మీద చెయ్యి పెట్టాను.

పంతొమ్మిది అని జగ్గారావుగారు అరిచాడట. సన్యాసమ్మ ఈల వేసిందట. ఇవన్నీ తర్వాత చెప్పారు. అప్పుడు నాకు ఏమీ వినబడలేదు. రెండు ముసుగుల లోపల మేమిద్దరమే ఉన్నాం. నా అరచేతి కింద ఒక చిన్న వీపు ఉబ్బుతోంది, తగ్గుతోంది. ప్రపంచంలో జరుగుతున్నదల్లా అదొక్కటే అన్నట్టు ఉంది. ఎవరో వచ్చి భుజం తట్టేదాకా నేను చెయ్యి తీయలేదు.